తీసేసిన థాంక్స్

అసున్సియోన్,
ఆదివారం.

నిల్దక్కా,

నాలుగేళ్ళుగా నువ్వు రమ్మని పిలవలేదని అలిగి కూర్చున్నదాన్ని, ఇవాళ నేనే రాస్తున్నాను.

మా ఆస్పత్రికి ఒక యాప్ ఉంది. ఆరోగ్యం గురించి ప్రశ్నలడుగుతుంది. స్పానిష్‌లోనే ఉండేది. ఏ ఫోన్లో తెరిచినా మన గ్వారానీ భాషలో కూడా వచ్చేలా చేసే పని నాకిచ్చారు. తీరా మన ఊళ్ళో ఇస్తే, ఆడవాళ్ళందరూ మొదటి ప్రశ్నకి జవాబిచ్చి ఫోన్ పక్కన పెట్టేశారట. యాప్ పాడైందన్నారు ఆఫీసులో. పబ్లా పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"పాడవడమేంటే? ఒక్క జవాబు చెప్పగానే అది థాంక్స్ అంది. అందరం ఒకే కప్పుతో వంతులవారీగా తెరెరే తాగేటప్పుడు, కప్పు తిరిగిచ్చి థాంక్స్ అన్నవాళ్ళకి మళ్ళీ పోస్తామా? ఇక చాలందనుకున్నాం. పట్నం నీళ్ళు వంటబట్టి అదీ మర్చిపోయావా?" అంది.

సిగ్గేసింది. స్పానిష్‌లో ప్రతి జవాబు కిందా ఉన్న థాంక్స్‌ని అలాగే దించేశాను మరి. కూర్చుని నలభై చోట్ల తీసేశాను.

తీస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. నేను బస్సెక్కే రోజు పొద్దున, "వెళ్ళకే" అంటూ మామిడిచెట్టు కింద కప్పు నింపిచ్చావు. తాగి, థాంక్స్ అని నీ చేతిలో పెట్టి లేచాను. అది మర్చిపోయి అన్నది కాదక్కా, తెలిసే అన్నాను. ఆ తర్వాత నన్నెలా పిలుస్తావు?

ఇక్కడ ఒక్కదాన్నే పోసుకుని తాగుతున్నాను. చేతులు మారని కప్పులో రుచే లేదు.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తాను. నాకూ ఓ కప్పు పొయ్యక్కా. తాగి కప్పు తిరిగిస్తాను. నోరు మాత్రం విప్పను.

నీ చెల్లెలు