పొయ్యిలో పూసిన రాయి

కడియం,
12-2-1998

లెక్చరర్ ఉదయభాస్కర్ గారికి,

నమస్కారమండి. సోమవారం ఇవ్వవలసిన నా ప్రాజెక్టుకు ఇంకొక వారం గడువు కావాలి. ప్రాజెక్టు ఇవ్వకపోతే నాకు ఈ సంవత్సరం పోతుందని తెలుసు. కారణం మా నాన్నమ్మ.

ఏ పొరలోని షేల్ అనే పలకరాయిలో మండే నూనె ఉందో తేల్చమన్నారు కదండి. వాగు గట్టున బయటపడ్డ ఐదు పొరల నుంచి ఒక్కొక్క ముక్క తీసి, అంకెలు వేసి ఇంటికి తెచ్చాను. నేను కాలేజీలో ఉండగా నాన్నమ్మ వాటిని కుంకుడు రసంతో తోమి కడిగేసింది. అంకెలన్నీ పోయాయి. ఐదూ నల్లగానే ఉంటాయి. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి, కడగొద్దని ముందే చెప్పకపోవడం నా తప్పే.

తర్వాత మూడింటిని పొయ్యిరాళ్ళుగా పెట్టి చేపల పులుసు కాచింది. ఒక రాయి పొగలు కక్కి అంటుకుంది. పులుసంతా కిరసనాయిలు వాసన.

"రాయి మండడమేంటే? ఏం చదువే నీది!" అని నన్నే తిట్టింది.

నేను ఏడుస్తుంటే, నర్సరీలో పనిచేసే మా నాన్న నవ్వాడు. "చీటీ ఊడిన గులాబీని పువ్వు పూసేదాకా ఆగి పోల్చుకుంటాం. నీ రాయి పూసేసింది కదమ్మా! మళ్ళీ ఐదూ తెచ్చి, ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టి చూడు" అన్నాడు.

అందుకే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను. నాన్నమ్మ కూడా అగ్గిపెట్టె పట్టుకుని వస్తానంటోంది. ఈసారి కడగనని ఒట్టు వేసింది. కానీ మండే పొర దొరికితే పొయ్యిలోకి ఒక తట్టెడు ఇంటికి తెస్తుందట. పక్కింటి వెంకటదుర్గ గారు అప్పుడే తన వాటా అడిగి వెళ్ళారండి.

మీ విద్యార్థిని