ఫోటోలో లేని పుండు

అక్కయ్యకి,

ఇది ఫోన్లో చెప్పాల్సిన మాటే. కానీ అమ్మ పక్క గదిలో ఉంది, ఆవిడ చెవుల సంగతి నీకు తెలుసుగా. బస్సు ముందు తలుపు దగ్గర నిలబడి, వెనక సీట్లో టికెట్ కొనని వాళ్ళ గుసగుసలు విని పట్టుకున్న కండక్టరమ్మ. అందుకే వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

అమ్మని నిన్న ఇంటికి తెచ్చాం. తుంటి ఆపరేషన్ బ్రహ్మాండంగా అయిందన్నారు. ఎక్స్‌రే లైటు మీద పెట్టి, మేకులు ఎంత తిన్నగా ఉన్నాయో చూపించారు. పెద్ద డాక్టరుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వచ్చాను. ఆ దణ్ణం గుర్తొస్తే ఇప్పుడు నా చేతుల మీద నాకే కోపం వస్తోంది.

ఈ పొద్దున్న ఒళ్ళు తుడుద్దామని వేణ్ణీళ్ళు, తువ్వాలు తీసుకెళ్ళాను. "రేపు తుడుద్దువుగానిలే" అంది అమ్మ. ఇంటికి వచ్చినప్పటి నుంచీ గదిలో ఏదో వాసన. మందులదేమో అనుకున్నాను. మెల్లిగా పక్కకి తిప్పాను. నడుము కింద, వెన్ను చివర, ఒక దూది ముక్క ఒంటికి అతుక్కుపోయి ఉంది. తడిపి తీశాను.

అక్కయ్యా, నా పిడికిలి పట్టేంత గుంట. అంచులు నల్లగా, లోపలంతా పచ్చగా, అడుగున తెల్లగా ఏదో ఉంది. చీము కాబోలు అనుకున్నాను. తర్వాత మన వీధి డాక్టరు వచ్చి చెప్పాడు, అది ఎముక అని. అప్పటికి తువ్వాలు మళ్ళీ నీళ్ళలో ముంచి పిండుకున్నాను. అమ్మ గోడ వైపు చూస్తూనే "ఎలా ఉందే?" అని అడిగింది. "ఏం లేదమ్మా, కాస్త ఒరుసుకుంది" అన్నాను. అంత అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

వీధి డాక్టరు కట్టు కడుతూ చెప్పాడు: "కదల్లేని మనిషిని ఒకే వైపు వదిలేస్తే ఒంటి బరువుకి కింద మాంసం చచ్చిపోతుందమ్మా. రెండేసి గంటలకి పక్క మార్చాలి. మార్చలేదు. ఇది ఒక్క రాత్రిలో అయ్యే పుండు కాదు, వారం పైమాటే." ఆ మాటే చీటీ మీద రాసి, తేదీ వేసి ఇచ్చాడు. మరి ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో ఏమని రాశారో తెలుసా? చర్మం బాగుంది అని. ఇంక నాకు మతి పోయింది. ఎంత చిన్న అక్షరాలతో, ఎంత ముద్దుగా రాశారో.

నేను రోజూ సాయంత్రం వెళ్ళేదాన్ని కదా. రాత్రిళ్ళు తోడు ఉండనిచ్చేవారు కాదు. వెళ్ళేసరికి అమ్మ మెడ దాకా దుప్పటి, ఒక్క ముడత లేకుండా. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారో అని నీకు ఫోన్లో మురిసిపోతూ చెప్పాను కూడా. ఆ దుప్పటి కింద అమ్మ కుళ్ళిపోతోందని నాకెలా తెలుస్తుంది?

నష్టపరిహారం అడుగుతాను. ఆ గుంట పూడాలంటే తొడ మీది చర్మం తీసి వేసే ఇంకో ఆపరేషన్ కావాలట. అంత డబ్బు మన దగ్గర ఎక్కడుంది? చేసిన వాళ్ళే పెట్టుకోవాలి. డాక్టరు చెప్పాడని మా ఫోటో స్టూడియో కెమెరాతో పుండుకి నేనే ఫోటోలు తీశాను. మీ మరిది ప్రింట్లు తీసి ఇస్తే నీకొకటి పంపిస్తాను. భోంచేశాక చూడు, ముందు వద్దు.

నీ
పిచ్చుక

*

అక్కయ్యకి,

నీ జవాబు వచ్చి రెండు నెలలు దాటింది. నేను ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నందుకు నీకు కోపం వచ్చే ఉంటుంది. నాకు అంతకన్నా ఎక్కువ వచ్చింది. "అరచేతిలో సగం లేని ఎర్రమచ్చకి ఆసుపత్రితో గొడవేమిటే? ఇంటికి తెచ్చాక నువ్వు సరిగ్గా తిప్పి పడుకోబెట్టావా, స్టూడియో పనిలో పడి వదిలేశావా?" అని రాశావు. సొంత అక్క ఆ మాట అన్నాక ఇక ఎవరితో చెప్పుకుంటాను? ఈ జన్మకి నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను.

నిన్నటితో ఆ కోపం పోయింది. నువ్వు చూసింది ఎర్రమచ్చే. నీ తప్పేం లేదు. ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను.

నష్టపరిహారానికి నేను వేసిన ఫిర్యాదు మీద నిన్న విచారణ. కమిటీలో ముగ్గురు, అందులో ఒకావిడ డాక్టరు. ఆసుపత్రి లాయరుది చక్కెర పాకం లాంటి గొంతు. మనిషి కూడా మర్యాదస్తుడే, నేను కూర్చోవడానికి కుర్చీ ఆయనే జరిపాడు. ఆ తర్వాత లేచి నిలబడి, "డిశ్చార్జి నాటికి చర్మం బాగుంది. మర్నాటి ఫోటోలో కొంచెం ఎరుపు. ఇప్పుడున్న ఈ పెద్ద పుండు ఆ తర్వాత ఇంట్లోనే పడింది. కూతురు పట్టించుకోలేదు" అన్నాడు. మన లాయరమ్మ వీధి డాక్టరు చీటీ చూపించింది. దానికి ఆసుపత్రి లాయరు, "ఫోటో ఒకటి చెబుతోంది, చీటీ ఇంకొకటి చెబుతోంది. తేదీ ఒకటే. రెండూ వాళ్ళు తెచ్చినవే. ఇందులో ఏది అబద్ధమో వాళ్ళనే చెప్పమనండి" అని, ఫోటోని గోడ క్యాలెండరంత చేయించి తెచ్చి నా ముందు పెట్టాడు.

నేను ఆ ఫోటో చూడటం అదే మొదటిసారి. ప్రింట్లు కవర్లో పెట్టి అంటించి మీ మరిదే ఇచ్చాడు. తెరవకుండానే ఒక కవరు నీకు పంపి, ఇంకొకటి ఫిర్యాదుకి జతచేశాను. రెండు పూటలా అసలు పుండునే కడుగుతున్నదాన్ని, దాని బొమ్మ చూడాలని నాకు అనిపించలేదు. తీరా చూస్తే అక్కడ పుండు లేదు. కొంచెం ఎరుపు, అంతే. కవరు మారిపోయిందేమో, ఇంకెవరిదో నడుమేమో అనుకున్నాను. అప్పుడు పుట్టుమచ్చ కనపడింది. అమ్మకి నడుము ఎడమ పక్కన, మినపగింజంత ఉంటుంది చూడు, అది. ఫోటోలో దాని చోట అది ఉంది. దానికి జానెడు దూరంలో, గుంట ఉండాల్సిన చోట, అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది.

మా పని నీకు తెలుసు. పెళ్ళికూతురి బుగ్గ మీద మొటిమ ఉంటే, పక్కనున్న మంచి చర్మం ముక్క తీసి దాని మీద కప్పుతాం. ఆ ముక్కతో పాటు ఏ మచ్చో వచ్చేస్తే దాన్ని కూడా చెరిపేస్తాం. ఇక్కడ ఆ మచ్చని చెరపడం మర్చిపోయారు అక్కయ్యా. ఆ గదిలో ఇంకెవరికీ ఆ రెండో మచ్చ కనపడలేదు. నా ఒక్కదానికే కనపడింది. నోరు మూసుకుని ఇంటికి వచ్చేశాను.

మా ఆయన స్టూడియోలో ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, "అమ్మ ఫోటో మీరు టచ్ చేశారా?" అని అడిగాను. కాదంటారేమో, కాదంటే బాగుండు అనుకున్నాను. ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

"తెరిచి చూశాను. చూడలేకపోయాను. అత్తయ్య ఒళ్ళు అలా నలుగురు మగాళ్ళ చేతుల్లో పడుతుందంటే నా వల్ల కాలేదు. వదినగారు కూడా చూస్తారు, తట్టుకోలేరనిపించింది. కొంచెం తగ్గిద్దామనే మొదలుపెట్టాను. చెయ్యి అలవాటు పడిపోయి ఉంది కదా, ఆగలేదు."

"అసలు ఫోటో?"

"దాని మీదే సేవ్ చేశాను. మర్నాడు ఫంక్షన్ ఉందని కెమెరా కార్డు కూడా చెరిపేశాను."

తన పనిలో వెంట్రుకంత తేడా వస్తే మళ్ళీ మొదటి నుంచీ చేసే మనిషి, ఏకంగా పుట్టుమచ్చనే అతికించి చూసుకోలేదంటే, ఎంత ఏడుస్తూ చేశాడో నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ ఏడుపు ఇప్పుడు నా మెడకి చుట్టుకుంది.

మన లాయరమ్మకి చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. "బయటపెడితే సాక్ష్యం మార్చారని కేసు మొత్తం కొట్టేయొచ్చు. మీవారి మీద వేరే కేసు పెట్టినా పెడతారు. ఊరుకుంటే తల్లిని చూసుకోని కూతురని మీ మీద రాసేస్తారు. ఆ తర్వాత పరిహారం మాట మర్చిపోవడమే. ఎటో ఒకటి మీరే తేల్చుకోండి" అంది. ఏం తేల్చుకోను? ఒక పక్క అమ్మ ఆపరేషన్, ఒక పక్క ఆయన. వచ్చే వారం మళ్ళీ వాయిదా ఉంది. నువ్వైతే ఏం చేస్తావో రాయి. నాకు ఏమీ పాలుపోవడం లేదు.

నీ
పిచ్చుక

*

అక్కయ్యకి,

నీ ఉత్తరంలో సగం క్షమాపణలే ఉన్నాయి. చాల్లే, నిన్నేమీ అననులే. నిజం చెప్పెయ్యమని రాశావు. ఆ ఉత్తరం వచ్చేసరికే ఆయన చెప్పేశారు.

వాయిదా రోజు నేనింకా తేల్చుకోలేదు. అడిగితేనే మాట్లాడమని లాయరమ్మ ఆయనకి గట్టిగా చెప్పింది. ఆయన వింటేగా. కమిటీ పెద్దాయన ఇంకా కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు, ఈయన లేచి, "ఆ ఫోటో నేను మార్చానండి. పుండు మీద చర్మం అతికించాను. నా భార్యకి తెలియదు. ఏ శిక్ష వేసినా నాకు వేయండి" అనేశారు. పెళ్ళిళ్ళలో అటు జరగండి, ఇటు జరగండి అని అరిచే మనిషి గొంతు పీలగా వచ్చింది.

ఆసుపత్రి లాయరు నవ్వాడు. "ఓడిపోతామనగానే కథ అల్లుకొచ్చారు" అన్నాడు. ఆ నవ్వుతో నాకు ఎక్కడ లేని తెగింపు వచ్చింది. లేచి వెళ్ళి ఆయన తెచ్చిన పెద్ద ఫోటో మీదే వేలు పెట్టి రెండు మచ్చలూ చూపించాను. "మా అమ్మకి మచ్చ ఒకటేనండి. వచ్చి చూసుకోండి" అన్నాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తీసి మళ్ళీ చూశాడు. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు ఇంక.

మర్నాడు కమిటీలోని డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. అమ్మ నాకైనా చూపించడానికి సిగ్గుపడే మనిషి కదా, ఒప్పుకోదేమోనని భయపడ్డాను. "చెకింగ్ వాళ్ళొచ్చి టికెట్ అడిగితే చూపించాలి కదమ్మా, చూడండి" అని తనే పక్కకి ఒత్తిగిల్లబోయింది. డాక్టరమ్మ ఫోటో ఒక చేత్తో పట్టుకుని చూసింది. ఎడమ పక్కన మచ్చ ఉంది. ఫోటోలో రెండో మచ్చ ఉన్న చోట ఒంటి మీద గుంట ఉంది.

మొదట్లో నొప్పిగా ఉండేదా అని ఆవిడ అడిగింది. "నిప్పు మీద పడుకున్నట్టుండేది. నర్సుతో చెబితే ఆపరేషన్ నొప్పి అంది. కొన్నాళ్ళకి నొప్పి దానంతటదే పోయింది, మానుతోంది కాబోలనుకున్నాను" అంది అమ్మ. డాక్టరమ్మ కట్టు సరిచేసింది. నన్ను గది బయటికి పిలిచి, నొప్పి పోయిన రోజే అక్కడ మాంసం చచ్చిపోయి ఉంటుందని చెప్పింది. అమ్మ ఆ రోజు సంతోషపడి ఉంటుంది, అక్కయ్యా.

తర్వాత ఆసుపత్రి వాళ్ళని పిలిపించి, ఈవిడని పక్కకి ఎవరు తిప్పారని అడిగారు. పగటి వాళ్ళు రాత్రి వాళ్ళు తిప్పుతున్నారనుకున్నారట. రాత్రి వాళ్ళు పగటి వాళ్ళ పనే అనుకున్నారట. చక్కెర పాకం గొంతు లాయరు ఆ పూట నీళ్ళు తాగుతూనే ఉన్నాడు. అంతమంది జీతాలు తీసుకునే చోట, ఒక మనిషిని ఇటు నుంచి అటు తిప్పడం ఎవరి పనీ కాకుండా పోయింది. చెవులారా విని కూడా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

తీర్పు నిన్న వచ్చింది. తప్పు ఆసుపత్రిదే. కొత్త ఆపరేషన్ ఖర్చంతా వాళ్ళే పెట్టుకోవాలి, అమ్మ పడ్డ బాధకి పరిహారం వేరే ఇవ్వాలి. ఇంట్లో అజాగ్రత్త జరగలేదని ప్రత్యేకంగా రాశారు. ఫోటో మార్చినందుకు మీ మరిదికి గట్టిగా చీవాట్లు పెట్టి జరిమానా వేశారు. ఆయన తల వంచుకుని కట్టేసి వచ్చారు. కొత్త ఆపరేషన్‌కి ముందు ఇంకో ఫోటో కావాలన్నారు. అది అల్లుడుగారే తీయాలని అమ్మ పట్టుబట్టింది. "ఉన్నది ఉన్నట్టు తీయండి బాబూ, నాకేం సంబంధాలు చూడక్కర్లేదు" అంది. ఆయన నవ్వబోయి ఏడ్చేశారు.

ఇక్కడితో ఉత్తరం ఆపేస్తే గెలిచామనే అనుకుంటావు. నేనూ నిన్న రాత్రి భోజనాల దాకా అలాగే అనుకున్నాను. అమ్మని పక్కకి తిప్పుతూ, ఇన్నాళ్ళూ ఆపుకున్న మాట అడిగేశాను. "రోజూ సాయంత్రం వచ్చేదాన్ని కదమ్మా. నాకొక్క మాట చెప్పకపోయావా?"

అమ్మ ఆలోచించుకోలేదు కూడా.

"చెబితే నువ్వు ఊరుకుంటావటే? వార్డంతా ఎగిరి గొడవ పెడతావు. టైమైపోగానే నిన్ను బయటికి పంపేస్తారు. ఆ తర్వాత తెల్లారే దాకా వాళ్ళ చేతుల్లో ఉండాల్సింది నేను కదే."

కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ తాగి గొడవ చేసే మగాళ్ళని కాలరు పట్టుకుని బస్సు దింపేసిన మనిషి, అక్కయ్యా. ఆ మనిషి మెడ దాకా దుప్పటి కప్పుకుని, నేనెక్కడ కనిపెట్టేస్తానోనని రోజూ నన్ను చూసి నవ్వింది. అంత భయపడిందని తీర్పులో లేదు, ఎందుకంటే ఆ మాట వాళ్ళెవరూ అడగలేదు. అమ్మ నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు తెలిసింది.

సెలవు పెట్టుకుని త్వరగా రా. ఆపరేషన్ రోజు ఒకరం లోపల ఉండాలి, ఎవరు వెళ్ళమన్నా వెళ్ళకూడదు. ఆ మాట ఆసుపత్రి వాళ్ళ చేత ముందే రాయించుకున్నాను. మొదటి రాత్రి నేను, రెండో రాత్రి నువ్వు.

నీ
పిచ్చుక