మగ్గం గుంతల మనిషి

హైదరాబాద్, 1944 జనవరి 8

నర్సింగం మామకు మేనల్లుడు ఎల్లస్వామి దండాలు.

నేను బాగున్న. అమ్మమ్మ ఎట్లుంది? మా కాలేజీల ఉర్దూల పెద్ద వ్యాసం రాయాలె మామా, అది ఒప్పుకుంటెనే పాసు. పాలంపేట ఓదెలుదాసు మీద పట్టుకున్న. యక్షగానాలు కట్టినాయన. సగం మంది మహానుభావుడంటరు, సగం మంది నోటిదూల మనిషంటరు. దొరను ఎక్కిరిస్తె దొర ఆయన పుస్తకాలు కాలవెట్టిచ్చిండట. అయినా ఆయన పాటలు పెండ్లి బ్యాండులకెక్కినయి, ఆయన రాక్షసులు పటాలు గీసే నకాషోళ్ళ బొమ్మలకెక్కిన్రు. అదెట్లయిందో రాయాలె.

ఆయన ఆటల అందరికంటె నవ్విచ్చేటోడు గుంతన్న. దొర మనుషులొస్తె భయపడి మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతల మూడొద్దులు దాక్కున్న నేతగాడు. మీరు గూడ పాలంపేట నుంచి వచ్చినోళ్ళే గద, ఆ గుంతన్న నిజంగ ఎవరో తెలుసా?

ఇట్లు, మీ ఎల్లస్వామి

తా.క. నా వ్యాసం దిద్దే బాలకిషన్ సార్ గుంతన్న పాట పాడితె హాస్టలంత కడుపు పట్టుకొని నవ్విన్రు. అందరికంటె ఎక్కువ నేనే నవ్విన.

కొత్తవాడ, వరంగల్, జనవరి 12

చిరంజీవి ఎల్లస్వామికి మామ దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేదాక అందరం మంచిగనే ఉన్నం. ఓదెలుదాసు అనేటోడు పుట్టనే లేదు. మా వాడల ఎవ్వరికి తెల్వదు. దొర మీసం మీద ఆయన కట్టిన పాట అసలే తెల్వదు. రామప్ప గుడి మీద రాసుకో. రాళ్ళు ఎవ్వరిని తిట్టయి.

ఆశీస్సులతో, నర్సింగం

తా.క. మీ అమ్మమ్మ కూనిరాగం తీసేది దాసు పాట గాదు, జోలపాట. నువ్వు అడగకముందే చెప్తాన.

హైదరాబాద్, జనవరి 16

మామకు దండాలు.

మీ ఉత్తరం సార్‌కు చూపిచ్చిన. ఎగిరి గంతేసిండు. పుట్టనోడు మీసం పాట ఎట్ల కట్టిండు మామా? ఆ పాట సంగతి నేను రాయనే లేదు గద! మీ వాడను ఎవరో బెదిరిచ్చిన్రని, ఇన్నేండ్లయినా ఆ భయం పోలేదని సార్ అంటాండు. మీకు ధైర్యం చెప్పనీకె 27 తారీఖు గురువారం బండికి ఆయనే వస్తాండు.

ఇట్లు, ఎల్లస్వామి

తా.క. జోలపాట వినాలని సార్‌కు మస్తు ఆశ.

కొత్తవాడ, జనవరి 20

ఎల్లస్వామికి మామ రాసేది.

నిన్న కార్డుల మా వాడకు ప్లేగు వచ్చిందని రాసిన. అది మీ సార్‌కు చూపియ్యి. ప్లేగు లేదు, గీగు లేదు. ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కనివే చదువు.

గుంతన్న ఎవరో కాదు, మా నాయిన. మీ తాత సిద్దిరాములు. ఆ ఆట ఆడినంక ఊరంత మమ్మల్ని గుంతోళ్ళని పిలిచిన్రు. నేను బజార్ల పోతాంటె నా ఈడోళ్ళు కింద కూసొని గజగజ వణికి చూపిచ్చేటోళ్ళు. తట్టుకోలేక ఇల్లు ఇడిసి వరంగల్ వచ్చినం. ముప్పై ఏండ్లకు ఆ పేరు పోయింది. ఉర్దూల రాస్తె మనోళ్ళకు సమజ్ కాదనుకున్నవా? పక్కింటి ఖాజా పాషా చదువుతడు, పొద్దూకే సరికి బజారంత చెప్తడు. దండం పెడుత బిడ్డా, మా నాయినను మళ్ళ గుంతల దించకు.

నీ మామ

తా.క. మీ సార్ పోయేదాక దాసు పాటలు వాయించద్దని బ్యాండు ఫకీర్ మహమ్మద్‌కు చెప్పిన. "నాకు వచ్చినయన్ని అవే, ఇంకేం వాయించాలె?" అంటాండు.

హైదరాబాద్, జనవరి 27, గురువారం

మామకు ఎల్లస్వామి దండాలు.

నాకు ఏడుపొచ్చింది. తాత అని తెలిస్తె ఆ పాటకు నవ్వకపోదును. గుంతన్న మీద రాసిన పన్నెండు కాయిదాలు చింపేసిన. అవి లేకుంటె సార్ నన్ను ఫెయిల్ చేస్తడేమో, చెయ్యనియ్యి. మా తాత కంటె పాసు ఎక్కువ కాదు.

గానీ సార్‌ను ఆపలేకపోయిన. ప్లేగు కార్డు చూసి, కష్టంల ఉన్నోళ్ళను ఇడిసిపెడతమా అని పొద్దుగాల్నే బండెక్కిండు. అమ్మమ్మను ఆయనకు దూరంగ ఉంచు.

మీ ఎల్లస్వామి

తా.క. ఒక్కడే పోలేదు. సూదులేసే డాక్టరు దోస్తును వెంట తీస్కపోయిండు.

కొత్తవాడ, శనివారం

చిరంజీవి ఎల్లస్వామికి మామ నర్సింగం వెయ్యి దీవెనలు.

బిడ్డా, గుండె మీది బండ దిగింది. ఏం ఫికర్ చెయ్యకు, నిమ్మళంగ చదువు.

సార్ వచ్చిండు. మా అవ్వను, అదే మీ అమ్మమ్మను, ఎనుకింట్ల కూసోవెట్టి తలుపు దగ్గరికేసిన. ఆయన చాయ్ తాగి ఊకుంటడా, గుంతన్న పాట ఎత్తుకున్నడు. లోపల్నుంచి అవ్వ పకపక నవ్వుడు. కట్టె పట్టుకొని వచ్చి సార్ ముంగటనే కూసుంది.

"గుంతల మా ఆయనకు జాగేది సారూ? ఆ లావు ఓదెలుదాసు మూడొద్దులు అండ్లనే కూసుండె. నేనే జొన్న గటక పోసిన. మా ఆయన దాసు భుజాల మీద కాళ్ళు పెట్టుకొని మగ్గం నేసిండు. దొర మనుషులు ఇల్లంత ఎతికి ఉత్త చేతులతోటి పోయిన్రు."

అవ్వ ఆగలేదు.

"తర్వాత ఎవడో పోయి, గుంతల ఒక మనిషిని చూసిన్నని దొరకు చెప్పిండు. అది దాసని తెలిస్తె మా ఇంటికి అగ్గి పెడుదురు. అప్పుడు మా ఆయనే దాసుతోటి అన్నడు, గుంతల దాక్కున్నది నేనే అని ఆట కట్టు, దొర నవ్వి ఊకుంటడు అని. దొర నవ్విండు, దాసును గూడ ఇడిసిపెట్టిండు. దాసు మాత్రం ఆ ఆట ఆడినప్పుడల్ల మా ఇంటికొచ్చి ఏడ్సేటోడు."

"ఇన్నేండ్లు చెప్పకపోతివేందే అవ్వా!" అన్న.

"దొర బతికినన్నొద్దులు నోరిప్పద్దని మీ నాయిన ఒట్టేయించుకున్నడు. దొర పోయినంక నన్నెవరన్న అడిగిన్రా?" అన్నది.

ఊరు నవ్విందని నేను ముప్పై ఏండ్లు నాయిన మీదనే కోపం పెట్టుకున్న బిడ్డా. ఆయన పోయిన దినం గూడ కడుపార ఏడ్వలేదు. మొన్న ఏడ్సిన. ఇప్పుడు పానం హాయిగుంది.

చింపిన పన్నెండు కాయిదాలు అతికియ్యి. సార్ ఇంక ఇరవై రాయమన్నడు, నువ్వు పాసైనట్టేనన్నడు.

సంతోషంతోటి, గుంతోళ్ళ నర్సింగం

తా.క. డాక్టరు వాడంతటికి ప్లేగు సూదులేసిండు. భుజాలు వాచి రెండొద్దుల సంది ఎవ్వరు మగ్గమెక్కలేదు. కార్డుల ప్లేగు తెచ్చింది నేనేనని వాడోళ్ళకు ఇంక చెప్పలేదు. కార్డు రాసినోని ఇంట్లనే రోగం ఎక్కువుంటదని నాకు రెండేసిండు.

మళ్ళ తా.క. ఉర్దూలనే రాయి. మొదటి కాపీ ఖాజా పాషాకు పంపు.