‘తెలియదు’ అనడం రాని యంత్రం

మార్సెయ్,
18 డిసెంబరు, 1972.

ఫిలోమెన్‌కి,

ఇక్కడ నేనూ పిల్లీ బాగానే ఉన్నాం. నాకంటే పిల్లి ఇంకొంచెం బాగుంది. మా అత్తగారికి దగ్గు తగ్గిందనీ, నన్ను తిట్టే ఓపిక వచ్చిందనీ రాశావు, సంతోషం. సెయింట్ బార్బ్ పండుగనాడు సాసర్లలో గోధుమలు చల్లావా అని అడిగావు. చల్లాను. మొలకలు పచ్చగా వచ్చాయి. పచ్చగా వస్తే ఏడాదంతా మంచే జరుగుతుందని మీ అమ్మ అంటుంది కదా. ఆ సంగతి ఆవిడకి అప్పుడే చెప్పకు.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. “మీ కాలేజీలో ఏది అడిగినా జవాబు చెప్పే యంత్రం ఉందన్నావుగా, మన రొమువాల్ సంగతి అడుగు” అని రాశావు. మన అబ్బాయి వంటవాడిగా వెళ్లిన ఓడ నవంబరు తుపానులో కనపడకుండా పోయాక ఫాదర్ గారిని అడిగాం, పేకముక్కలు వేసి చెప్పే ఆవిడని అడిగాం. ఇదొక్కటే మిగిలింది.

అడిగాను. కాపలాతో పాటు నేను ఊడ్చే గదిలోనే ఉంటుంది. దాన్ని చూసుకునే పిల్ల సొలాంజ్, మనవాడి ఈడుదే. మనం మాట్లాడుకునే మాటలే టైపు కొడితే చాలు. ముందు మనకి తెలిసినవి చెప్పాలి. అది వాటిని ఒకదానికొకటి ముడేసి జవాబు లాగుతుంది. నాకు చూపించడానికి నా పేరే పెట్టి, “కాపలావాళ్లందరికీ వైన్ ఇష్టం. బార్నబే కాపలావాడు” అని కొట్టి, “బార్నబేకి వైన్ ఇష్టమా?” అని అడిగింది. కాసేపు గిలగిలా కొట్టుకుని “అవును” అని అచ్చేసింది.

“అమ్మాయిగారూ, ఇది మా ఆవిడ పెళ్లైన వారానికే కనిపెట్టింది” అన్నాను.

“అయితే ఆవిణ్ణే పంపండి బాబాయ్, దీనికి పోసే కరెంటు మిగులుతుంది” అంది.

అప్పుడు మనవాడి పేరూ, ఓడా, తుపానూ చెప్పించి, “రొమువాల్ చనిపోయాడా?” అని అడిగించాను. “లేదు” అంది. నా టోపీ ఎగిరి బీరువా మీద పడింది.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. “బాబాయ్, ఆగండి” అని ఇంకోటి కొట్టింది: “రొమువాల్ బతికి ఉన్నాడా?”

“లేదు.”

“ఇదేం చోద్యం? చావనూ లేదు, బతికీ లేడా?”

“దీనికి ‘తెలియదు’ అనడం రాదు బాబాయ్. మనం చెప్పినవాటిలోంచి తేలకపోతే లేదనేస్తుంది.”

“మా ఊరి మేయరూ అంతే” అన్నాను.

మర్నాటి నుంచి ఆమె భోజనానికి వెళ్లగానే నేనే ఒంటివేలితో కొట్టడం మొదలుపెట్టాను. “రొమువాల్ బతికి ఉన్నాడు.” తర్వాత, “బతికి ఉన్నాడా?” “అవును.” నా మాటే నాకు తిప్పి చెబుతోందని తెలుసు. అయినా ఆ అచ్చు నా చేతిరాత కాదు కదా.

ఓసారి సొలాంజ్ గుమ్మంలో నిలబడి చూసేసింది. “బాబాయ్, మీకు తెలిసినవన్నీ దానికి చెప్పారా?” అంది.

చెప్పలేదు. ఫిలోమెన్, నీకూ చెప్పలేదు. పోయిన మంగళవారం ఓడ కంపెనీవాళ్లు గేటు గదికి ఫోను చేశారు. ఓడలోని చిన్న పడవ దొరికిందట, బోర్లా పడి. మనుషులెవరూ లేరు. తాడుకి ఒక వంట ఏప్రాన్ చుట్టుకుని ఉందట, ఎర్రదారంతో రొమువాల్ అని కుట్టి. ఆ కుట్టు ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. వెతకడం ఆపేశారు.

పడవ మాట దాచాను గనకే ఆ యంత్రం అవునంది. అదే మాట దాచాను గనకే నువ్వూ అక్కడ ఎదురుచూస్తున్నావు. తప్పు మీ ఇద్దరిదీ కాదు.

ఇవాళ దానికి పడవ సంగతీ, ఏప్రాన్ సంగతీ అన్నీ కొట్టాను. ప్రశ్న మాత్రం కొట్టలేకపోయాను. సొలాంజే వచ్చి మీట నొక్కి ఆపేసింది.

క్రిస్మస్ ముందురాత్రి భోజనానికి ఎన్ని పళ్లాలు పెట్టాలని అడిగావు. ఈ చలిలో మీ అమ్మ రాదు గనక నీకొకటి, నాకొకటి. గడప తొక్కే పేదవాడికీ, ఇంట్లో పోయినవాళ్లకీ అని మీ అమ్మ ఏటా పెట్టించేది ఒకటి. మనవాడికి వేరే పళ్లెం వద్దు. ఆ మూడోదాంట్లోనే వడ్డిద్దాం.

శనివారం బస్సుకి వచ్చేయ్. స్టాండులో ఉంటాను.

ఇట్లు,
రొమువాల్ వాళ్ల నాన్న,
బార్నబే.