చప్పుడు లేని స్క్రిప్ట్

మంగళవారం, సిరిసిల్ల

ఆఫీసు సర్వర్లన్నిటికీ ఒకేసారి మార్పులు చేసే టూల్‌ని నా పైథాన్ స్క్రిప్ట్‌తో నడిపాను. "అంతా ఓకే" అంది. చూస్తే ఒక సర్వర్‌లో ఏమీ మారలేదు. పొద్దంతా వెతికాను. ఇన్నేళ్లు సాంచాల మీద బట్ట నేసిన బాపు చాయ్ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోగు తెగితే సాంచా చప్పుడుతోనే ఎరుకైతది బిడ్డా. నీ దానికి చప్పుడే లేదా?"

ఉండేది. ఎర్రర్లు విసిగిస్తున్నాయని, వాటిని మింగేసే రెండు లైన్లు పోయిన వారం నేనే రాశాను. సిగ్గేసింది. అవి తీసేసి మళ్లీ నడపగానే తప్పు తెర మీదికొచ్చింది.

"దొరికింది బాపూ!"

ఆయన పలకలేదు. నేను ఆయన ఎడమవైపున్నాను. సాంచాల మోతకు పోయిన చెవి అది. లేచి కుడివైపు కూర్చుని మళ్లీ చెప్పాను.

"గట్లనా! ఏమన్నది మరి?" అన్నాడు.