రేకు మనుషుల రంగు

నైఫ్, దుబాయ్

బామ్మర్ది పోచన్నకు,

ఆరేండ్ల నుంచి నీ మీద కోపం కడుపులో పెట్టుకున్నాను. ఇవాళ రాస్తున్నాను. పాత ఇంజనీరు దొర పోతూ పోతూ నాకిచ్చిన బేస్‌బాల్ ఆట డబ్బాలోని రేకు మనుషులకు, నన్ను అడగకుండా నీ పనికాడి ఓడల పెయింట్ పూశావు. పైగా "బావా, కొత్తగ మెరుస్తున్నయి సూడు" అన్నావు. ఆ కోపంతో డబ్బా మళ్లీ తెరవలేదు.

మొన్న ఇలాంటి పాత ఆటలు కూడబెట్టే అమెరికా దొర ఒకడు మా కంపెనీకి వచ్చాడు. ఈ ఆట దొరకడం చాలా కష్టమట. డబ్బా తెరిచి చూపిస్తే, బొమ్మలు చూసి ముఖం మాడ్చుకున్నాడు. "రంగు వేసి ఖలాస్ చేశారు. పాతగా ఉంటేనే విలువ. తుడిచి తెస్తే అడిగినంత ఇస్తాడట" అని మా ముదీర్, అదే మేనేజరు, హిందీలో చెప్పాడు.

థిన్నర్, గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు సరిగ్గా చూశాను. బంతి విసిరేవాడి తలకు మీ నాయన ఎర్ర రుమాలు రంగుతోనే చుట్టావు. ఆ మీసం, ఆ కోరచూపు కూడా ఆయనవే. పోయిన మామకు ఒక్క ఫోటో కూడా లేదు కదా.

నాకేదో ప్రేమ పొంగిందనుకోకు. పాడు చేసింది నువ్వు. నీ తండ్రిని తుడిచేదుంటే ఫుజైరా నుంచి వచ్చి నువ్వే తుడువు. నేను తుడవను. దొర ఇరవైకి పోతాడు. పదిహేనో తారీకులోపల జవాబు రావాలె.

నీ బావ