నిప్పులో నిలబడిన గంగాదేవి

మాధవరం,
14-3-1940

కడప బడి పెద్ద దొరసానమ్మ గారికి, మగ్గం నేసే ముసలివాడు తిమ్మయ్య పెట్టుకునే వేయి దండాలు.

అమ్మా, మొన్న నేనూ నా ఇల్లాలూ బండి కట్టుకుని వచ్చింది మా కూతురు గంగాదేవిని బడి మాన్పించి తీసుకుపోవడానికే. నత్తిపిల్లకు చదువెందుకని ఊరంతా నవ్వుతుంటే తట్టుకోలేకపోయినాను. మీరేమో ఆ రోజు బడిలో ఆడించిన ఫ్రెంచి దేశపు వీరకన్య పాటల నాటకంలో దాన్నే కన్యగా నిలిపినారు. చుట్టూ అందరూ పాడుతుంటే, అది ఒక్కతే మాటలు చెప్పింది. ఎక్కడా తడబడలేదు తల్లీ!

ఆటలో కన్యను కట్టేసి నిప్పు పెట్టినప్పుడు నా భార్య గురమ్మ చేసిన పనికి మన్నించండి. మా వైపు నిప్పులో పోయిన ఆడబిడ్డను పేరంటాలని కొలుస్తాము. "నా బిడ్డ పేరంటాలైపాయ, పసుపన్నా పెట్టనీండప్పా" అని ఏడుస్తూ వేదిక మీదికెక్కి దాని కాళ్లకు పసుపు పూసింది. మీరు కసరలేదు, పాట ఆపించి ఓపిగ్గా నిలబడినారు.

అప్పుడు మా పిల్ల, "కాల్లేదు లేమ్మా, అవి ఎర్రగుడ్డలు. పోయి కూచో, ఇంకా నా మాటలుండాయి" అనింది. ఆ మాట మీరు నేర్పింది కాదు. అదీ తడబడలేదు.

పిల్లను మీ దగ్గరే ఉంచుకోండి. బిడ్డ ఎక్కని బండిని ఇంత సంతోషంగా నేనెన్నడూ తోలలేదు.